కెమెరాకు కట్టిన నిమ్మకాయలు

ఆ పొద్దు కువైట్‌లోని షువైఖ్‌లో లేచిన దుమ్ము మామూలు దుమ్ము కాదు. ఒక కాకి పొరపాటున అందులోకి దూరి, దారి కనపడక, రెక్కలు ముడుచుకుని నడుచుకుంటూ ఫహాహీల్ దాకా పోయిందని చూసినోళ్ళు చెప్పినారు. అంత దుమ్ములో వాళ్ళకు కాకి ఎట్ల కనపడిందని అడక్కండి. కథ చెప్పేటప్పుడు అడ్డం రాకూడదు.

ఆ దుమ్ములో మన గంగాదేవి తడిగుడ్డ పట్టుకుని లారీల షెడ్డులోకి వచ్చింది. రాజంపేట పక్క పిల్ల. ఆ లారీ కంపెనీ ఆఫీసులో టీ కాచడం, నేల తుడవడం ఆమె పని. కొత్తగా ఇంకొకటి తగిలించినారు. ప్రతి లారీలో ముందద్దానికి కెమెరా బిగించినారు. దానికి రెండు కళ్ళు. ఒకటి రోడ్డును చూస్తుంది, ఇంకొకటి డ్రైవరును చూస్తుంది. ఆ రెండో కంటికి డ్రైవర్లు గ్రీజు పూస్తున్నారని, రోజూ తుడిచి రమ్మని ముదీర్ ఆర్డరేసినాడు. ముదీర్ అంటే అక్కడ మేనేజరు.

మునీంద్ర అనే డ్రైవరు లారీ గంగ ఎక్కి చూస్తే గ్రీజు లేదు. నిమ్మకాయలు, పచ్చిమిరపకాయలు గుచ్చిన దండ వేలాడుతోంది, సరిగ్గా లోపలి కన్ను మీద.

"ఎవురుమే అది, నా బండెక్కింది?" అని కింద నుంచి గొంతు.

"నీ బండి కంటికి పొర పట్టిందంట. తుడవమన్నారు."

"పొర కాదది. దినమంతా ఒకడు నా మొగాన్నే చూస్తాంటే దిష్టి తగలదా?"

గంగ వంగి ఆ మొహం చూసింది. దుమ్ము, మాసిన గడ్డం, నిద్రలేని కళ్ళు. "ఈ మొగానికా?" అంది.

వాడికి నవ్వు వచ్చినట్టే వచ్చి, గొంతు దగ్గర ఆగిపోయింది. ఆ ఆగిపోయిన నవ్వే ఆమెకు దినమంతా గుర్తుండిపోయింది. దండ తీసి వాడి చేతిలో పెట్టింది. గేటు దాటగానే వాడు మళ్ళీ కట్టుకున్నాడు.

షెడ్డులో అందరినీ నోరారా అన్నా, అన్నా అని పిలిచే పిల్లకు, వాడి దగ్గర మాత్రం ఆ మాట నోట్లోంచి రాలేదు. ఏమయ్యా అనేసింది. మనకు ఆ మాత్రం చాలు.

అయితే ఆ కెమెరాకు చెవి కూడా ఉంది. ఆ సంగతి డ్రైవర్లకు ఎవరూ చెప్పలేదు. చెవిలోకి వచ్చేదంతా తెలుగే, ముదీర్‌కు ముక్క అర్థం కాదు. ఒకనాడు గంగను పిలిచి, హెడ్‌ఫోన్ చేతికిచ్చి, వీళ్ళు ఏం మాట్లాడుకుంటారో హిందీలో చెప్పమన్నాడు. ఆమె ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కాగితం, ఆయన టేబుల్ మీదే ఉంది. దానిమీద చెయ్యి పెట్టుకునే అడిగినాడు. గంగ కూర్చుంది.

మొదట రాయచోటి డ్రైవరు జిలానీ బాషా గొంతు వచ్చింది. ముదీర్ ముత్తాతల నుంచి మొదలుపెట్టి, బండి పోర్టు చేరేదాకా ఒక్కొక్కరినీ వరసగా దులిపేస్తున్నాడు. ఏమంటున్నాడని ముదీర్ అడిగితే, మీ ఆరోగ్యం బాగుండాలని కోరుకుంటున్నాడు సార్, అంది.

తర్వాత మునీంద్ర గొంతు.

"నాయినా, ఈ పొద్దు సిమెంటు లోడు. అబ్దలీ దాకా పోవాల."

ఫోన్లో మాట్లాడుతున్నాడనుకుంది. రోడ్డు సంగతులు, ఒంటెల సంగతులు, గదిలో వండుకున్న పప్పు సంగతి, అన్నీ చెప్పుకుంటూ పోతున్నాడు. అవతల పక్క నుంచి ఊఁ అనే మాట కూడా లేదు. చాలాసేపటికి వాడి గొంతు తగ్గింది.

"నిన్ను మోయడానికి రాలేకపోయినా నాయినా. పాస్‌పోర్టు కంపెనీ బీరువాలో ఉండాది. ఇంటికొచ్చి గుండు గీయించుకునేదాకా చక్కెర ముట్టను. ఎవురికీ చెప్పలేదులే. నీకు తెలిస్తే చాలు."

అది ఫోను కాదని, పోయిన తండ్రితో మాట్లాడుతున్నాడని గంగకు అప్పుడు అర్థమైంది. ఏమంటున్నాడని ముదీర్ మళ్ళీ అడిగినాడు.

"నడుము నొప్పంట సార్. సీటు బాగలేదంట."

నడుము పోయిన డ్రైవరు కేసు పెడితే తన మెడకు చుట్టుకుంటుందని ముదీర్‌కు భయం. వెంటనే కొత్త సీటు వేయించినాడు. మరుసటి లోడుకు పోతూ మునీంద్ర, "నాయినా, అడక్కుండానే సీటు మార్చినారు. నువ్వేనా చేయించింది?" అన్నాడు.

గంగ హెడ్‌ఫోన్ తీసి టేబుల్ మీద పెట్టింది. మళ్ళీ పెట్టుకుంది.

"ఇంకొక మాట. కెమెరా తుడిచే పిల్ల ఒకటుండాది. నోరు పెద్దది. నువ్వు చూసింటే..." అని ఆగి, "నువ్వు చూసింటే బాగుండు," అన్నాడు.

అక్కడైనా తీసేయాల్సింది. తీయలేదు. ఆమె తప్పంతా అక్కడే ఉంది. పోయిన తండ్రికి తప్ప ఇంకెవరికీ చెప్పని మాటలు, సొంతానికి వచ్చిన జాబుల మాదిరి దినదినమూ వింటూ పోయింది. ఒంటె గడ్డివాము మేసినట్టు నిమ్మళంగా, చివరి పరక దాకా విన్నది.

ఒక పొద్దున షెడ్డులో అందరికీ టీ పోస్తూ, మునీంద్రకు విడిగా గ్లాసు ఇచ్చింది. వాడు ఒక గుక్క తాగి ఆగిపోయినాడు.

"చక్కెర లేదే."

"నువ్వు మానేసినావు కదా."

అనేసిన తర్వాత గాని ఏమన్నదో ఆమెకు తెలియలేదు. ఇన్నాళ్ళూ వాడు తీపి టీ తీసుకుని, ఎవరూ చూడకుండా టైరు పక్కన పారబోస్తున్నాడు.

"ఎవురు చెప్పినారు నీకు?"

గంగ చూపు కెమెరా మీదికి పోయింది. వాడు కూడా అటే చూసినాడు. దండలో నిమ్మకాయలు ఎండి గోలీకాయల్లా అయినాయి.

"కన్ను మూసినా," అన్నాడు మెల్లగా. "చెవుందని తెలీలేదు."

గంగ టీ కెటిల్ కింద పెట్టింది.

"సీటు గూడా నువ్వేనా?"

తల ఊపింది.

"అవి మా నాయినతో చెప్పుకునే మాటలు," అని, గ్లాసు మెట్టు మీద పెట్టి, బండెక్కి పోయినాడు.

ఆ దినం నుంచి దండ లేదు. ముదీర్‌కు మునీంద్ర మొహం నిండుగా కనపడుతోంది. గంగకు మాత్రం ఇంజను మోత తప్ప ఏమీ వినపడదు. అబ్దలీ దాకా మోత, తిరిగి షువైఖ్ దాకా మోత. వాడికి తండ్రి రెండోసారి పోయినట్టయింది. ఈసారి తీసుకుపోయింది తనే. మాట్లాడవయ్యా, నేను వినను, అని హెడ్‌ఫోన్ తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. వినకపోతే వాడు మాట్లాడుతున్నదీ లేనిదీ తెలిసేదెట్లా? మళ్ళీ పెట్టుకునేది. మోత.

చివరికి ఒక పొద్దున షెడ్డులో అందరూ ఉండగా, పాత టైరు మీదికెక్కి చెప్పేసింది. ఆ కెమెరాకు చెవుందని, వింటున్నది తనేనని, నడుము నొప్పని చెప్పి సీటు వేయించింది కూడా తనేనని, ఇంక వినడం తన వల్ల కాదని.

జిలానీ బాషా మొహంలో నెత్తురు చుక్క లేదు. "నా మాటలకు నువ్వేం చెప్పినావు చెల్లే?"

"నీకు ఆయనంటే శానా ప్రేమని చెప్పినా అన్నా."

అందరూ నవ్వినారు. మునీంద్ర నవ్వలేదు.

సంగతి తెలిసి కూడా ముదీర్ ఆమెను ఇండియాకు పంపలేదు. మంగఫ్‌లోని లేబర్ క్యాంపు వంటింట్లో గిన్నెలు తోమడానికి పంపినాడు. ఇఖామా కాగితం మాత్రం టేబుల్ మీదే ఉండిపోయింది. మోకాలి నొప్పితో బండి నడపలేని జిలానీ బాషాను హెడ్‌ఫోన్ దగ్గర కూర్చోబెట్టినాడు.

మంగఫ్‌లో గంగకు దినాలన్నీ ఒకటే. గిన్నెల మీద గిన్నెలు, వాటి మీద మసి. ఎవరైనా చక్కెర వద్దంటే చాలు, కళ్ళలో నీళ్ళు తిరిగేవి.

చలికాలం మొదట్లో ఒక వాన పడింది. కువైట్‌లో వాన కూడా మనలాంటిదే, కొద్దిరోజులు ఉండనిచ్చి పొమ్మంటారు. ఆ వానలో బియ్యం మూటల లారీ ఒకటి క్యాంపు వాకిట్లోకి వచ్చింది. తడిసిన చేతులు తుడుచుకుంటూ గంగ బయటికొస్తే, స్టీరింగ్ దగ్గర మునీంద్ర. ఇంకా చిక్కినాడు.

"ఎక్కు," అన్నాడు.

మెట్టు మీదికెక్కి, తలుపు పట్టుకుని నిలబడింది. వీపు మీద వాన. ఎదురుగా కెమెరా.

"వినపడుతుంది," అంది.

"తెలుసు."

"తప్పయింది."

వాడు తలూపినాడు. అద్దం మీద వైపర్ అటూ ఇటూ పోతోంది.

"అందరి ముందరా చెప్పేసినావు. ఆ దినమే నా కోపం పోయింది. నోరే రావడంల్యా. నాయినా అనబోతే ఆ చెవే గుర్తొస్తాంది. నువ్వు మొదలుపెట్టు."

"నేనా?"

"నువ్వే కదా విన్నింది. సగంలో ఆపినా. ఆయన ఎదురు చూస్తాంటాడు."

గంగ కెమెరాను చూసింది. రోజూ తుడిచిన కన్నే. ఈ పొద్దు దానికి ముఖం చూపించడానికి సిగ్గేసి, తడిసిన కొంగు తల మీదికి లాక్కుంది.

"మామా," అంది.

స్టీరింగ్ మీద మునీంద్ర చేతులు బిగుసుకున్నాయి.

"నేను మామా, ఆ నోరు పెద్ద పిల్లని. మీ మాటలు దొంగతనంగా విన్నా. తిట్టాల్నంటే తిట్టండి. మీ కొడుకు చక్కెర ఇంకా ముట్టలేదు. పాస్‌పోర్టు ఇంకా బీరువాలోనే ఉండాది. అది బయటికొచ్చిన దినం నేనూ తోడొస్తా. గుండు గీసేటప్పుడు పక్కనే ఉంటా. అంతవరకూ మీతో మాట్లాడడం మాననియ్యను. సరేనా?"

మునీంద్ర తల స్టీరింగ్ మీద ఆనించినాడు. భుజాలు కదులుతున్నాయి. వాన కొంచెం తగ్గినాక వాడి గొంతు వచ్చింది.

"విన్నావా నాయినా? చెప్పినా కదా, నోరు పెద్దదని."

అక్కడ షువైఖ్‌లో జిలానీ బాషా హెడ్‌ఫోన్ తీసి, టవల్‌తో మొహమంతా తుడుచుకున్నాడు. ఏమంటున్నారని ముదీర్ అడిగినాడు.

"నడుము నొప్పే సార్," అన్నాడు జిలానీ బాషా. "ఈసారి పక్క సీటు గూడా కొత్తది కావాలంట."