మూత కింద కాగితం

తెల్లవారి గేదెను పితికి, పాలక్యాను మూత బిగించబోతున్న బుల్లెమ్మను కొడుకు శివరామకృష్ణ ఆపాడు. అతను రాజమండ్రిలో రంగుల కంపెనీ కెమిస్టు. గోడకు బూజు పట్టనివ్వని పూతకూ, ఎండకు వెలిసిపోని చేపల వల రంగుకూ పేటెంట్లు తెచ్చుకున్నాడు. మూడోది ఇప్పుడు అతని చేతిలో ఉన్న పసుపుపచ్చ కాగితం. మూత లోపల అంటిస్తే చాలు, పాలు విరగకుండా ఎవరైనా వంటసోడా కలిపితే ఎర్రబడుతుంది. ఊరి పాలకేంద్రంలో ఆ రోజే మొదటి పరీక్ష. ముందు మా అమ్మ క్యానుకే అంటూ తనే అంటించాడు.

పదో తరగతి చదివే అతని కూతురు సాయిదుర్గ, ఆ రంగు ఎలా మారుతుందో చూడాలని నానమ్మ వెంట కేంద్రానికి వెళ్ళింది. మూత తీసేసరికి కాగితం అంచంతా ఎర్రగా ఉంది. గుమస్తా తాతాజీ అందరి ముందూ ఆ పాలు వద్దన్నాడు. బుల్లెమ్మ క్యాను ఎత్తుకుని వచ్చేసింది.

ఇంట్లో శివరామకృష్ణ గొంతు తగ్గించి అడిగాడు. “ఎండలు కదమ్మా. చిటికెడు వేశావేమో, చెప్పు.”

“ఈ పాలు పోసే నిన్ను బీయెస్సీ చదివించాను. అప్పుడు వెయ్యని సోడా ఇప్పుడు వేస్తానంట్రా?”

“కాగితం అబద్ధం చెప్పదమ్మా.”

“అయితే నేను చెప్తున్నానన్నమాట.”

ఇక కేంద్రానికి పాలు పొయ్యననీ, గేదెను అమ్మేయమనీ చెప్పి ఆవిడ పెరట్లోకి వెళ్ళిపోయింది.

సాయిదుర్గ మూత చేతిలోకి తీసుకుంది. అంచే ఎందుకు ఎర్రబడింది? మూత గాడిలో వేలు తిప్పితే తడిసిన బూడిద అంటింది. నానమ్మకు మోకాళ్ళ నొప్పులని నిన్న సాయంత్రం క్యాను తోమింది తనే. టీవీలో సీరియల్ మొదలైపోతుందని ఒక్క చెంబు నీళ్ళు పోసి బోర్లించేసింది.

తండ్రి ఎదుట నిలబడి నోరు విప్పడం ఆమెకు ఎప్పుడూ కష్టమే. చివరికి గిన్నెలో బూడిద నీళ్ళు కలిపి తెచ్చింది.

“ఇందులో ఒక కాగితం ముంచండి నాన్నగారూ. క్యాను తోమింది నేనే. సరిగ్గా కడగలేదు.”

ముంచగానే కొత్త కాగితం ఎర్రబడింది. శివరామకృష్ణ ఏడాదిపాటు ల్యాబులో దాన్ని ఎన్నిటితోనో పరీక్షించాడు. ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ క్యానులు బూడిదతో తోముతారని మాత్రం ఒక్కరోజూ గుర్తు రాలేదు. మూత కడిగి, క్యాను సైకిలుకు తగిలించుకుని తల్లిని పిలిచాడు.

కేంద్రం దగ్గర ఇంకా పదిమంది ఉన్నారు.

“తప్పు నా కాగితానిదండీ తాతాజీ గారూ. సోడాకీ బూడిదకీ దానికి తేడా తెలీదు. మా అమ్మ పాలు మంచివి. ఆవిణ్ణి అనుమానించింది మీరొక్కరే కాదు, కొడుకునై ఉండి నేనూ అనుమానించానండీ.”

బుల్లెమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది.

“చాల్లేరా, ఊరంతా వినాలా? ముందు కొలిపించు, పాలు విరిగిపోతాయి.”