నల్ల గోరింటాకు చెయ్యి

నీలి దీపం కింద భ్రమరాంబ ముంజేతి మీద మొదట నాలుగు ఎర్రటి గీతలు లేచాయి. తర్వాత బొటనవేలు, ఆ తర్వాత అరచేయి. చూస్తుండగానే ఒక చిన్నపిల్ల ఆమె చేతిని గట్టిగా పట్టుకున్నట్టు అచ్చు తేలింది. డాక్టర్ నిరుపమ మిషన్ ఆపేసింది. ఆ గదిలో ఉన్నది ముగ్గురే. ముగ్గురికీ కలిపి ఆరు చేతులు. ఇది ఏడోది.

భయపడకండి, కాస్త దగ్గరికి జరగండి. ముందు ఈ మిషన్ సంగతి చెబుతాను. దీని పేరు ‘ఆనవాలు’. భగవంతుడు మనకిచ్చిన చర్మం ఉత్త తొడుగు కాదు, దానికి జ్ఞాపకం కూడా ఇచ్చాడు ఆ తండ్రి. పడని వస్తువేదైనా తగిలితే కాపలా కణాలు అక్కడికి పరిగెత్తుకొస్తాయి. మంట, దురద, దద్దుర్లు అన్నీ వాటి హడావుడే. పని అయ్యాక చాలావరకు వెళ్ళిపోతాయి. కొన్ని మాత్రం అక్కడే కునుకు తీస్తుంటాయి. ఏళ్ళు గడిచాక అదే వస్తువు ఒంట్లో ఇంకెక్కడ తగిలినా, పాతచోట ఉన్నవీ ఉలిక్కిపడి లేస్తాయి. ‘ఆనవాలు’ వాటిని వెతికి లేపుతుంది, లేజర్‌తో ఒక్కోదాన్నీ శాశ్వతంగా నిద్రపుచ్చుతుంది. అది వచ్చాక కాకినాడలో గోక్కునేవాళ్ళు కనబడటం మానేశారు.

“ఇప్పుడు నేను రవ్వంత తగిలించింది జుట్టు రంగులో ఉండే మందు. మీ ఆవిడకి పడనిది అదే,” అంది నిరుపమ.

“మానమని చెబుతూనే ఉన్నానమ్మా,” అన్నాడు సుదర్శనం. అతను కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. “మొన్న రంగు వేసుకోగానే పెదాలు వాచి, ఊపిరాడక, ఆటోలో నా ఒళ్ళో వాలిపోయింది. ఈ వయసులో ఎవరికి చూపించాలట ఆ నల్లజుట్టు?”

“మీకైతే కాదులెండి,” అంది భ్రమరాంబ.

నిరుపమ నవ్వలేదు. “ఈ చెయ్యి ఎవరిదమ్మా?”

భ్రమరాంబ చాలాసేపు దాన్నే చూసింది.

“మా అమ్మాయి ఇందుది. ఆషాఢంలో గోరింటాకు రుబ్బుతానంటే వినలేదు. బజార్లో కోన్ కావాలి, గంటలో నల్లగా పండాలి అని గొడవ. కొనిపెట్టాను. ఆరకముందే నా చెయ్యి పట్టుకుని నిద్రపోయింది. పొద్దున లేచి ఇద్దరం ఈ అచ్చు చూసి నవ్వుకున్నాం. నాలుగు రోజులకి బొబ్బలెక్కింది. శ్రావణంలో జ్వరమొచ్చి పిల్ల పోయింది. అచ్చూ మాసిపోయింది. తల నెరిశాక మొదటిసారి రంగు వేసుకున్నానా, మళ్ళీ వచ్చింది. అదే కొలత. చెయ్యి పెరగలేదు.”

ఆ కోన్‌లో నలుపు కోసం కలిపిందీ, జుట్టు రంగులో ఉన్నదీ ఒకటే మందు. అది నిరుపమకి వెంటనే తెలిసింది. సుదర్శనానికి తెలిసింది వేరు, ఆ రంగు జుట్టు కోసం కాదని.

“నాకెందుకు చెప్పలేదే?”

“చెబితే డబ్బా పారేసేవారు.”

“పారేసేవాణ్ణే,” అన్నాడు నెమ్మదిగా.

“ఈసారి రంగు వేసుకుంటే ప్రాణం దక్కకపోవచ్చు. మొత్తం చెరిపేయాలి,” అంది నిరుపమ.

“చెరిపేస్తే ఇది ఇంక రాదా?”

“రాదు.”

భ్రమరాంబ చెయ్యి వెనక్కి లాక్కుని కొంగు కప్పుకుంది. “అయితే వద్దు తల్లీ. ఆ పైవాడు ఎప్పుడు పిలిస్తే అప్పుడే వెళ్తాను.”

సుదర్శనం డాక్టరు వైపు తిరిగాడు. “డాక్టరమ్మా, కాలరు చిరిగిందని చొక్కా అంతా పారెయ్యం కదా. ఒళ్ళంతా తుడిచేసి, ఆ చెయ్యి మేర వదిలెయ్యటం కుదురుతుందా?”

నిరుపమ మిషన్ వైపు చూసింది. చెరపడానికి కనిపెట్టిన మిషన్‌తో కొంత చెరపకుండా వదిలెయ్యమని అడిగినవాళ్ళు ఇంతవరకూ లేరు.

“కుదురుతుంది. కానీ తలకి రంగు మాత్రం వద్దు. చూడాలనిపించినప్పుడు పుల్లతో ఒక్క చుక్క, ఈ అచ్చు మీదే. ఇంత చిన్నచోట ప్రాణానికి ముప్పు లేదు. దురద మాత్రం ఉంటుంది.”

“ఉండనీ,” అంది భ్రమరాంబ.

దేవుడి పటం చుట్టూ పూలు సర్దినంత నెమ్మదిగా నిరుపమ ఆ చిన్ని వేళ్ళ అంచుల వెంట లేజర్ నడిపింది.

మళ్ళీ ఆషాఢం వచ్చేసరికి భార్యాభర్తలు పరీక్షకి వచ్చారు. భ్రమరాంబ తల పూర్తిగా తెల్లబడింది. ముంజేతి మీద చెయ్యి ఎర్రగా, నిండుగా ఉంది. సుదర్శనం మాత్రం కుడిచెయ్యి జేబులోంచి తియ్యలేదు.

“అదేమిటో చూపించండి,” అంది నిరుపమ.

చూపుడువేలు కొస ఎర్రబడి, పగిలి ఉంది.

“పుల్లతో కదా పెట్టమన్నాను?”

“పుల్లకేం తెలుసమ్మా.”

“మీకూ పడటం లేదు. సూదిలో దారం ఎక్కించాల్సిన వేలు ఇది. రెండు నిమిషాల పని, దీపం కింద పెట్టండి.”

అతను వేలు ముడుచుకున్నాడు. “నడక నేర్చుకునేటప్పుడు మా ఇందు పట్టుకున్నది ఈ వేలే. ఆవిడ చేతి మీద చుక్క పెడతానా, రెండోనాటికి అక్కడ చెయ్యీ ఇక్కడ వేలూ రెండూ మేలుకుంటాయి. ఉండనివ్వండి.”

నిరుపమ నీలి దీపం ఆర్పేసింది. దురదంటే ఏమిటో మరిచిపోయిన ఆ ఊళ్ళోకి, గోక్కుంటే ఎక్కడ చెరిగిపోతుందోనని వేలు ఒకరూ చెయ్యి ఒకరూ అపురూపంగా పట్టుకుని, వాళ్ళిద్దరూ మెట్లు దిగి వెళ్ళారు.