అద్దె ముక్కు

అమ్మాయమ్మ దాసుని మొట్టమొదటిసారి మొహం చూడకుండానే ఇంట్లోంచి గెంటేసింది.

పొయ్యి వైపు తిరిగి, చుట్టూ కూర్చున్న ఆడపిల్లలకు పులిహోర పోపు నేర్పుతోంది. వెనక గడప దగ్గర అలికిడయింది. ఆమె తల తిప్పలేదు. ముక్కు మాత్రం ఎగబీల్చింది.

"ఎవరయ్యా అది, ఎండుచేప? గడప దిగు."

"చేపని కాదండీ, దాసుని. మల్లయ్య మేనల్లుణ్ణి. మావ చింతపండు పంపేడు."

"అక్కడ పెట్టు. పెట్టి, రేవు దాకా వెళ్ళి, సముద్రంలో ములిగి, అట్నుంచటే ఇంటికి పో."

పిల్లలు కొంగులు నోట్లో కుక్కుకున్నారు.

దాసు తప్పేం లేదు. తెలుగువాళ్ళు చెరకు కూలికి వలస వచ్చిన ఆ దీవిలో, సుయాక్ రేవు పక్కన మల్లయ్య కొట్టులో, ఉప్పుచేపల బుట్టల మధ్యే అతని పగలంతా గడుస్తుంది. అది సబ్బుకి లొంగే వాసన కాదు.

అమ్మాయమ్మ తప్పూ లేదు. ఆమెకు వంట నేర్పిన అమ్మమ్మ సుబ్బమ్మ ఏటేటా అమ్మోరికి నైవేద్యం వండేది. అమ్మోరి కంటే ముందు నాలుక తగలకూడదు కనక అంతా ముక్కుతోనే. ముసలమ్మ ఆ నియమాన్ని అమ్మోరి దగ్గర ఆపలేదు. దేవుడికైనా, దొరకైనా, మొగుడికైనా, వడ్డించేదాకా రుచి చూడనిచ్చేది కాదు. మనవరాలు అదే పాఠంతో వంటబడి పెట్టింది. చుట్టుపక్కల పెళ్ళి కుదిరిన తెలుగు పిల్లలందరూ అక్కడికే వచ్చేవారు.

"ఉప్పెంత అక్కా?"

"వాసన చూడు."

"ఉప్పుకి వాసనేటి అక్కా?"

"ఉడికే పప్పులో పడ్డాక ఉంటుంది. తెలియలేదంటే నీ ముక్కు ఇంకా నిద్ర లేవలేదన్నమాట."

ఆ వంటలన్నీ ఆమె ఒక పుస్తకంగా రాస్తోంది. పూర్తయితే ఓడలో మద్రాసు పంపి అచ్చు వేయించాలని కోరిక.

పెద్ద యుద్ధం ముగిసిన మరుసటేడు దీవి మీద జ్వరాలు విరుచుకుపడ్డాయి. సుబ్బమ్మ మంచం పట్టింది. "వెళ్ళకే అమ్మమ్మా" అని అమ్మాయమ్మ చెయ్యి పట్టుకుని బతిమాలింది. బతిమాలితే ఎవరూ ఆగరని ఆ రోజు తెలిసింది. తర్వాత ఆమే పడిపోయింది. లేచేసరికి మొహం మీద ముక్కు ఉంది గాని, ముక్కులో వాసన లేదు.

ఎవరికీ చెప్పలేదు. చెబితే బడి పోతుంది, అమ్మోరి వంట పోతుంది, ఆ పుస్తకం ఎవరు చదువుతారు? ధైర్యం చేసి మళ్ళీ బడి తెరవబోయే ముందురోజు ఒక్కతే పొయ్యి ముందు కూర్చుంది. నూనెలో ఆవాలు వేసి, అమ్మమ్మని తలుచుకుంటూ ఎటో చూస్తోంది.

"మాడిపోతున్నాయండీ!"

దాసు. చింతపండు తెచ్చినవాడు గడప దగ్గర కాదు, వంటింటి నడుమ, ఆమె పక్కనే నిలబడి ఉన్నాడు. మూకుడు దింపేసి, ఆమె మొహంలోకి చూశాడు.

"నన్ను గెంటలేదేటండీ?"

అమ్మాయమ్మ గరిటె అందుకుంది.

"ఇంత దూరం లోపలికొచ్చినా గెంటలేదు. అంటే మీ ముక్కు..."

"ఎవరికైనా చెప్పావంటే చంపుతాను."

"చెప్పను. చెప్పకపోతే నాకేటి?"

"అన్నం."

"కూర కూడానా?"

"ఆశ చూడు! సరే, కూర కూడా."

అలా కుదిరింది బేరం. పిల్లలకు మాత్రం కట్టెలు కొట్టడానికి మనిషిని పెట్టుకున్నానని చెప్పింది. దాసు కిటికీ అవతల ఒకే కట్టెని పొద్దస్తమానం కొడుతూ ఉండేవాడు: పోపు వేగితే ఒక దెబ్బ, మాడబోతే రెండు. పిల్లలు వెళ్ళాక అసలు పని, పుస్తకం పని, మొదలయ్యేది.

"ఇప్పుడు?"

"రైలింజను తోలేవాడి చొక్కా."

"మాడిందన్నమాట. ఈ మెంతులు?"

"పూజారిగారి దుప్పటి."

"పాపం రాదూ! మరి ఇది?"

"కొత్త పెళ్ళికూతురి జడ."

"ఎంతమంది పెళ్ళికూతుళ్ళ జడలు వాసన చూశావేం?"

"ఒక్కటీ లేదండీ. ఊహ."

"ఊహలు కట్టిపెట్టి పప్పు చూడు."

అన్నది గాని, ఆ రాత్రి పుస్తకంలో పరమాన్నం పక్కన 'యాలకులు వేశాక కొత్త పెళ్ళికూతురి జడలా ఉండాలి' అని రాసుకుంది. పూజారి దుప్పటి కూడా రాసింది. కొట్టేయబోయి, నిజమే కదా అని ఊరుకుంది.

అమ్మోరి పండగ దాసు ముక్కు మీదే గట్టెక్కింది. కుంకుడుకాయ రసంతో తోమించి, తలంటి, పసుపు నీళ్ళు చల్లి మరీ అతన్ని కిటికీ దగ్గర నిలబెట్టింది. నైవేద్యం అమ్మోరికి నచ్చిందో లేదో నిర్ధారణ చేయడానికి పూజారిగారు మూడుసార్లు వడ్డించుకున్నారు.

ఆ తర్వాత ఒక వానపొద్దున అమ్మాయమ్మ అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. ముక్కులో ఏదో కదిలింది. తడిమట్టి కాదు. చెరకు మిల్లు పొగ కాదు. ఉప్పుచేప! సందు చివర, తల మీద గోనెసంచి కప్పుకుని దాసు వస్తున్నాడు.

ఆమెకు కళ్ళు నిండిపోయాయి.

"ఏటండీ, ఏడుస్తున్నారు?"

"ఉల్లిపాయ."

"ఇక్కడ ఉల్లిపాయ లేదే?"

"నిన్నటిది."

ముక్కు వచ్చేసిందని చెప్పాలి. చెబితే ఇతనికి రేపు ఇక్కడేం పని? రేపు చెబుదామనుకుంది. మర్నాడు పొయ్యి దగ్గర చక్కగా వేగిన పోపు ముందు కూర్చుని, "ఇప్పుడు?" అని అడిగింది. అలా రోజూ అడుగుతూనే ఉంది.

ఒక రోజు దాసు కట్టె కొట్టలేదు.

"మావ ప్లేన్ మాన్యెన్‌లో కొత్త కొట్టు పెడతన్నాడు. నన్ను ఎళ్ళి చూసుకోమంటన్నాడు."

అమ్మాయమ్మ గరిటె ఆగింది.

"ఎళ్ళనందామంటే, మీ ముక్కు సంగతి మావతో చెప్పలేను కదా. నాకో మాట చెప్పండి. ముక్కు కాకుండా... నాతో మీకింకేమైనా పనుందా?"

ఉందనాలి. చెయ్యి పట్టుకోవాలి. కాని అమ్మమ్మ చెయ్యి పట్టుకుంటే ఏమయిందో ఆమెకు తెలుసు.

"ఇంకేం పనుంటుంది? ఊళ్ళో ముక్కులకేం కరువు?"

"అంతేలెండి," అన్నాడు దాసు. ఆ రోజు అన్నం తినకుండా వెళ్ళిపోయాడు.

అతను బయలుదేరే రోజున వాన. అమ్మాయమ్మ పులిహోర అరిటాకులో కట్టి స్టేషన్‌కి పరుగెత్తింది. దాసు రైలు కిటికీలో ఉన్నాడు. మొహం అటు తిప్పుకున్నాడు.

"తోవలో తిను."

"ఎందుకండీ శ్రమ? ముక్కు లేకుండా ఏటి వండేరో!"

పొట్లం అందించడానికి ఆమె మునివేళ్ళ మీద లేచింది. ముక్కు ఎగబీల్చింది. అలవాటు.

"అయ్యో! కొత్త కొట్టుకి ఈ కంపుతోనా పోవడం? పొద్దున్న బుట్టలెత్తి, స్నానం చెయ్యకుండా రైలెక్కేశావా?"

దాసు చెయ్యి పొట్లం మీదే ఆగిపోయింది.

"ఏమన్నావు?" అన్నాడు. అండీ ఎగిరిపోయింది.

అమ్మాయమ్మ నాలుక కరుచుకుంది. ఆలస్యమైపోయింది.

"ఎప్పట్నించి?"

"నిన్నటి ఉల్లిపాయ రోజునుంచి," అంది, చెప్పుల వైపు చూసుకుంటూ.

"అంటే అప్పట్నించీ ఇప్పుడు, ఇప్పుడు అని రోజూ నన్ను అడిగింది..."

"పోపు కోసం కాదు."

"మరి?"

"రైలు కూత వేస్తోంది. ఉంటావా, పోతావా? నేను బతిమాలను. నాకు రాదు."

కళ్ళలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. వాననీళ్ళే అనుకోవడానికి లేదు, ఆమె స్టేషన్ చూరు కిందే నిలబడి ఉంది.

దాసు దూకేశాడు. అతని ట్రంకు పెట్టె మాత్రం ఒంటరిగా ప్లేన్ మాన్యెన్ చేరింది.

"మనిషిని పంపితే పెట్టెని పంపేవేట్రా?" అని మల్లయ్య కొట్టంతా దద్దరిల్లేలా అరిచాడు. అరవడం అయ్యాక అమ్మాయమ్మని చూశాడు. "ఉప్పుచేపలోడిని చేసుకుంటావేటే పిల్లా? ముక్కు మూసుకునా?"

"మూసుకుంటే ఎలా మావా? నా బతుకంతా దాని మీదే కదా."

మల్లయ్యకి నవ్వాగలేదు. "పెళ్ళి చేసుకుని ఇద్దరూ ఎళ్ళండి. ముందు ఆ పెట్టె ఎక్కడుందో ఎతకండి."

అలా ప్లేన్ మాన్యెన్‌లో ముందు కొట్టు, వెనక వంటబడి వెలిశాయి. ఈసారి అమ్మాయమ్మ ఎవరినీ ఆగమనలేదు. తనే వెంట వెళ్ళింది.

కొన్నాళ్ళకు మద్రాసు నుంచి పుస్తకం అచ్చయి వచ్చింది. పిల్లలు రైలింజను చొక్కా దగ్గర నవ్వారు, పూజారి దుప్పటి దగ్గర పడి పడి నవ్వారు. చిట్టచివరి పుటలో, అమ్మాయమ్మ ఏనాడూ నేర్పని వంట ఒకటి కనబడింది. ఉప్పుచేప పులుసు. కడగడం, నానబెట్టడం, చింతపండు, మిరపకాయలు, అన్నీ వివరంగా ఉన్నాయి. చివర మాత్రం ఇలా ఉంది:

'దీని వాసన ఎలా ఉండాలో రాయను. అది మా ఇంటి సంగతి.'