ఏడు ముక్కల సందేశం

మొందర్ జ్గాల్‌ని ఉదయం ఎనిమిదింటికి చంపారు. ట్యూనిస్‌లో బాబ్ సూయికా దగ్గర, శనగల పులుసు అమ్మే కొట్లో, రొట్టె తుంచి గిన్నెలో వేసుకుంటూండగా వెనకనించి రెండు తూటాలు. రిదా వెళ్ళేసరికి గిన్నెలోంచి ఇంకా ఆవిరి వస్తోంది. పదకొండేళ్ళు కలిసి పనిచేసిన మనిషి. కళ్ళు చెమర్చాలి కదా అని కాసేపు ఎదురుచూశాడు. ఏమీ రాలేదు. సాక్షుల పేర్లు రాసుకుని గూఢచారి శాఖ ఆఫీసుకి నడిచాడు.

"కూర్చో," అన్నాడు చీఫ్ హమ్మాదీ. "మొందర్ పోయేముందు పని పూర్తిచేసే పోయాడు. సముద్రం అవతలి ముఠా ఇవాళ మార్సెయ్ వెళ్ళే ఓడలో బాంబు పెట్టింది. ఎక్కడ దాచారో తెలీదు. నాలుగూ నలభైకి, రేవు బయట లంగరేసిన గ్యాస్ ట్యాంకరు పక్కకి రాగానే పేలాలి."

"ఓడ ఆపేద్దాం సార్."

"ఇవాళ ఆపితే ఇంకో రోజు, ఇంకో ఓడ. అప్పుడు మనకి కబురు తేవడానికి మొందర్ ఉండడు."

బాంబు ఒక్క వరస సందేశం కోసం కాచుకుని ఉంటుంది. అందులో ఐదు ముక్కలు: రహస్యపదం, అక్షాంశం, రేఖాంశం, టైము, ముగింపు గుర్తు. మధ్యలో కామాలు. కామా కనిపించిన చోటల్లా ప్రోగ్రామ్ వరసని కోసి, ముక్కలు లెక్కపెట్టుకుంటుంది. అన్నీ సరిపోతే పేలుడు. ఏ ఒక్కటి తేడా వచ్చినా, బయటివాడెవడో వేలు పెట్టాడనుకుని, ఇక ఎన్నటికీ పేలకుండా తాళం వేసుకుంటుంది. ఆ ప్రోగ్రామ్ నకలు తెచ్చినందుకే మొందర్ పోయాడు.

"సందేశం పంపేది హయెత్," అన్నాడు హమ్మాదీ. "ఆవిడ వేలిముద్ర పడితేనే ఆ ఫోన్ తెరుచుకుంటుంది. 'సార్డీన్' అని కొట్టాల్సిన చోట 'దానిమ్మ' అని కొడుతుంది. బాంబుకి తాళం పడుతుంది. నువ్వు దగ్గరుండి చూసుకో."

హయెత్ మూడేళ్ళుగా రెండు పడవల్లో కాళ్ళు పెట్టిన అందగత్తె. ఆమె తమ మనిషని ముఠా నమ్మకం, మన మనిషని హమ్మాదీ నమ్మకం.

"సార్, మా చెల్లెలు ఓల్ఫా ఆ ఓడే ఎక్కుతోంది. పిల్లలిద్దరితో."

హమ్మాదీ కిటికీవైపు తిరిగాడు. "ఒక్కర్ని దించితే పదిమంది గమనిస్తారు రిదా."

"సరే సార్."

ఆ 'సరే' అంత తేలిగ్గా వచ్చినందుకు తనమీద తనకే అసహ్యం వేయాలి. అదీ వేయలేదు.

మధ్యాహ్నం రిదా ఏసీ మెకానిక్ వేషంలో లా మర్సాలో సముద్రం కనిపించే హోటల్‌కి వెళ్ళి, హయెత్ గది ఏసీలో మిరియపు గింజంత కెమెరా బిగించాడు. తర్వాత వరండాలో నిచ్చెన వేసుకుని, చేతిలోని ఫోన్లో ఆమె స్క్రీన్ చూస్తూ నిలబడ్డాడు. నాలుగూ ముప్ఫై ఎనిమిదికి ముఠావాడు ఫోన్ చేసి అంకెలు చదివాడు. హయెత్ టైపు చెయ్యడం మొదలుపెట్టింది. మొదటి పదం స్క్రీన్ మీద పడింది.

సార్డీన్.

రిదా నిచ్చెన మీంచి దూకి తలుపు తన్నాడు. అప్పటికే ఆమె వేలు బటన్ మీంచి లేస్తోంది. ఆకుపచ్చ పట్టు గౌనులో, తీరిగ్గా, కుర్చీ ఇటు తిప్పుకుంది.

"దానిమ్మ అన్నావు," అన్నాడు పిస్తోలు ఎత్తి.

"అన్నాను."

"మొందర్‌ని వాళ్ళకి పట్టిచ్చింది కూడా నువ్వేనా?"

"వాళ్ళడిగారు, చెప్పాను. నన్ను కాల్చుకోవాలంటే కాల్చుకో. ముందు కిటికీలోంచి చూడు, ఇంకో నిమిషమే ఉంది."

చూశాడు. తెల్లటి ఓడ మెల్లగా ట్యాంకరు పక్కకి జరుగుతోంది. ఓల్ఫా డెక్కు మీదే ఉంటుంది, చిన్నవాడికి ఒడ్డు చూపిస్తూ. ముగ్గురి పేర్లూ మనసులో అనుకున్నాడు. ఎవరో పరాయివాళ్ళ పేర్లలా ఉన్నాయి. నాలుగూ నలభై అయింది. నలభై ఒకటి. ఓడ ట్యాంకరుని దాటిపోయింది.

హయెత్ ముఖంలో నెత్తురు లేదు. రిదా ఫోన్ మోగింది. ఆఫీసులో కంప్యూటర్ల దగ్గర కూర్చునే ఫాతెన్.

"రిదా అన్నా, తాళం పడింది. నీ కెమెరాలో కనిపించిన సందేశాన్నే మొందర్ తెచ్చిన నకల్లో వేసి చూశా. పదం సరైనదే కొట్టింది కానీ ముక్కలెక్కువయ్యాయి. ఐదుండాల్సింది ఏడొచ్చాయి."

"ఎలా?"

"ప్రోగ్రామ్ రాసినవాడు పరాయి దేశంవాడు కదా. వాడి లెక్కలో అక్షాంశంలో ముప్ఫై ఆరు తర్వాత దశాంశానికి చుక్క పెట్టాలి. ఈవిడ, ఫ్రెంచి పద్ధతిలో లెక్కలు నేర్చుకున్న మనందరిలాగే, కామా పెట్టింది. రేఖాంశానికీ అంతే. ఒక్కో అంకె రెండుగా తెగింది. పోయిన నెల వేరే పనిలో నేనూ ఇదే తప్పు చేసి రోజంతా తల బాదుకున్నాలే."

రిదా ఫోన్ దించాడు. "అంకెల మధ్య కామా పెట్టావట."

"మరింకేం పెడతారు?" ఆమెకి నిజంగానే అర్థం కాలేదు. "ముప్ఫై ఆరు, కామా, ఎనభై. బళ్ళో నేర్పింది అదేగా. నువ్వైతే ఏం పెట్టేవాడివి?"

"కామానే," అన్నాడు రిదా, ఆమె చేతులకి సంకెళ్ళు వేస్తూ.

ఫోన్ మళ్ళీ మోగింది.

"అన్నయ్యా, ఈ ఓడలో కాఫీ గిన్నెలు కడిగిన నీళ్ళలా ఉంది," అంది ఓల్ఫా. "చిన్నాడు అప్పుడే రెండుసార్లు కక్కాడు. నీకేం, హాయిగా ఒడ్డునున్నావు. వింటున్నావా?"

"వింటున్నా. మాట్లాడుతూ ఉండు."

"ఏమిటి గొంతు అలా ఉంది?"

"ఏం లేదమ్మా. నువ్వు మాట్లాడు."

నేలమీద కూర్చుండిపోయాడు. సిగ్నల్ పోయేదాకా ఆమె కాఫీని తిడుతూనే ఉంది. అప్పుడు మొందర్ గుర్తొచ్చాడు, ఉదయం రాని కన్నీళ్ళు ఇప్పుడొచ్చాయి.

సాయంత్రం రిపోర్టులో 'ఆపరేషన్ విజయానికి కారకులు' అన్న గడిలో తన పేరుకి చోటు వదలమన్నాడు హమ్మాదీ. రిదా వదల్లేదు. మొందర్ జ్గాల్ పేరు రాసి, దాని కింద ఇంకో వరస చేర్చాడు: హయెత్‌కి ఐదో తరగతిలో లెక్కలు చెప్పిన పంతులుగారు, పేరు తెలియదు.