నల్లమంద ఎవరిది?

ఆ పొద్దున గుర్వమ్మ కొడుకింట్లో జొన్న గట్క కెలుకుతూ కూర్చుంది. కోడలు సత్తమ్మ ఎంత వద్దన్నా తెడ్డు వదల్లేదు. చేతికి పని లేకపోతే ఏడుపు ముంచుకొస్తుందని ఆమె భయం. మొగుడు మారయ్య దేవరకొండ ఠాణాలో ఉన్నాడు. అతనికి జమానత్ ఇచ్చి ఇంటికి పంపుతారో లేదో ఈరోజే తేలుతుంది.

మారయ్య అమ్రాబాదు అడవిలో మేపు ముగించుకుని గొర్రెలతో తిరిగొస్తుంటే, అచ్చంపేటలో ఒక బేరగాడు మూట చేతికిచ్చాడు. చింతపండట, దేవరకొండ అంగట్లో తన మనిషి వచ్చి తీసుకుంటాడట. ఎవరేమిచ్చినా కాదనకుండా మోసే మనిషి మారయ్య. మూటను గాడిద మీద పెట్టుకున్నాడు. చౌకీ దగ్గర అతను ముందు గొర్రెలను అదిలిస్తుండగా, వెనక సరుకు తనిఖీ చేసే ఆబ్కారీ జవాన్లు మూట విప్పారు. చింతపండు కింద నల్లమందు ముద్దలు! నాలుగూళ్లను మత్తులో పడుకోబెట్టేంత సరుకు. నీదేనా అని అడిగితే, ఈ మహానుభావుడు నాదేనని చెప్పి వేలిముద్ర కూడా వేశాడు. ఆనాటి నుంచి గుర్వమ్మను అతని మొహం చూడనివ్వలేదు.

"బీరన్నా, వకీలు సాబు ఏమన్నడో విన్నవు గద," అంది గుర్వమ్మ, కొడుకు వైపు చూడకుండానే. "గింత పెద్ద మత్తు కేసుల ఊకె ఇడువరట. తప్పు జెయ్యలేదని నమ్మెతందుకు ఏదన్న ఆధారం ఉండాలట. ఇడిస్తే పారిపోడని, మళ్ల గసొంటి పని జెయ్యడని గూడ మున్సిఫ్ సాబుకు నమ్మకం కుదరాలట. భూమున్న కొడుకువు, నువ్వు జామీను నిలబడితే..."

"నిలబడ," అన్నాడు బీరన్న. "నాదే అని నోటితోని ఒప్పుకున్నడు. ఇంకేం ఆధారమే అవ్వా?"

"మీ నాయిన చుట్ట సుత తాగడు కదరా!"

"మరెందుకు ఒప్పుకున్నడు? చెప్పు."

గుర్వమ్మ చేతిలో తెడ్డు ఆగిపోయింది.

"అయినా గొర్లిడిసినోడు నా కొడుకే కాదన్నడు. నలుగుట్ల అన్నడు. ఇయ్యాల కొడుకు అవసరమొచ్చెనా?"

అసలు పుండు అదీ. అడవుల వెంట తిరగలేక బీరన్న నాలుగెకరాలు చూసుకుని సేద్యంలోకి దిగాడు. అప్పటి నుంచి తండ్రీకొడుకులు ఎదురుపడితే దారి మార్చుకునేవాళ్లు.

సత్తమ్మకు ఒళ్లు మండింది. "మామ అన్న మాట యాదికున్నది గని, ఏడాదికో గొంగడి నేయించి పంపేది యాదికి లేదా? నువ్విప్పుడు కప్పుకున్నదెవ్వరిది?"

బీరన్న తన ఒంటి మీద గొంగడి చూసుకున్నాడు. "వస్త. గని నిలబడ," అని గొణిగి చెప్పులు తొడుక్కున్నాడు. సత్తమ్మ గట్క కుండ నెత్తిన పెట్టుకుని వెంట నడిచింది.

అదాలత్ ముందు జవాను మారయ్యను తీసుకొచ్చాడు. చేతులకు బేడీలు, మొహాన మాసిన గడ్డం. గుర్వమ్మకు గుండె తరుక్కుపోయింది. అతను మాత్రం ఆమెను చూడగానే, "మంద ఎట్లున్నదే? కుంటి గొర్రె ఈనిందా?" అన్నాడు.

"మీ బామ్మర్ది మేపుతుండు తియ్యి. నీ తలకాయ గొర్రెలు! నాదే అని ఎట్లన్నవయ్యా?"

"నాదాన్ని నాది గాదంటనా? నల్లమంద నీదేనా అన్నరు. నాదే, మా తాత నాటి కెల్లి మాదే అన్న. పుల్లరి సుత కట్టిన. గంతకే లోపలేసిండ్రు!"

గుర్వమ్మకు అప్పుడర్థమైంది. వాళ్ల గొర్రెలన్నీ నల్లవే. ఏటా ఆ చౌకీలో పుల్లరి, అంటే మేపు పన్ను, కోసం అడిగేది మంద ఎవరిదనే. పైగా ముసలాయనకు ఒక చెవి సరిగా వినబడదు.

వెనక నుంచి విన్న బీరన్న అక్కడే నేల మీద కూలబడ్డాడు. ముందు పకపకా నవ్వాడు. తర్వాత గొంగడి కొసతో కళ్లు ఒత్తుకున్నాడు. ఆపైన లేచి వకీలు కోసం పరుగెత్తాడు.

వకీలు చెప్పింది మున్సిఫ్ శ్రద్ధగా విని, మారయ్యను తనే అడిగాడు. "నాదే అన్నవు గద. అది ఏం తింటది?"

"తుమ్మకాయ తింటది దొరా. వానకు తడిస్తే దగ్గుతది."

అదాలత్ అంతా గొల్లుమంది. మున్సిఫ్ మీసాల చాటున నవ్వుకున్నాడు. తప్పెవరిదో తర్వాత విచారణలో తేలుతుందనీ, ఆ ఒప్పుకోలును మాత్రం ఇవాళ నమ్మలేననీ అన్నాడు. "కేసు అయ్యేదాకా దేవరకొండ దాటొద్దు. ఉంటవా?"

"ఉండ దొరా," అన్నాడు మారయ్య. "గడ్డి అయిపోతే మంద ఎంబడి అడివికి పోవాలె. అబద్ధమెట్ల చెప్పాలె?"

వకీలు తల పట్టుకున్నాడు. మున్సిఫ్ కలం ఆగింది. చేతికొచ్చిన మనిషి మళ్లీ లోపలికే పోయేట్టున్నాడు.

"నేను నిలబడత దొరా!" బీరన్న గొంతు ఖంగుమంది. "నా భూమి రాసుకోండ్రి. నాయిన నా ఇంట్ల ఉంటడు. మంద ఎంబడి నేను పోత."

మారయ్య తల తిప్పి కొడుకును చూశాడు. మున్సిఫ్ కలం కదిలింది.

బేడీలు తీశాక బయట చెట్టు నీడలో సత్తమ్మ గట్క కలిపి ఇచ్చింది. మారయ్య సగం తాగి, మిగిలింది కొడుకు చేతికిచ్చాడు. కొడుకు అక్కడే తాగేశాడు. చూస్తున్న గుర్వమ్మకు కడుపు నిండిపోయింది.

"చౌకీల అడుగుతరు రా," అన్నాడు మారయ్య నేల చూపులతో. "నల్లమంద ఎవరిదని. ఏమంటవు?"

"నాదే అంట, నాయినా."

మారయ్య కొడుకును దగ్గరికి లాక్కుని, అతని గొంగడిలోనే మొహం దాచుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

గుర్వమ్మ ఇద్దరి వీపులూ నిమురుతూ, ఏడుస్తూనే కొడుకును కసిరింది. "జర గట్టిగ చెప్పు బిడ్డా. మంద అను, మంద!"