ఐసు ఫ్యాక్టరీ గోడ దగ్గరి కేక

మూతబడ్డ ఐసు ఫ్యాక్టరీ గోడ వెంట పోయే రోడ్డుకి మంచి పేరు లేదు. చీకటి పడ్డాక అటు పోవాల్సి వస్తే జనం చుట్టు తిరిగైనా ఇంకో దారి పట్టేవారు. అక్కడ ఏదో వెలుతురు తాగుతుందట. వచ్చే బండి లైట్లు మెల్లిగా మసకబడి, ఎర్రబడి... ఆ తర్వాత ఆడగొంతుతో సన్నగా, పొడుగ్గా ఒక కేక. ఆ కేక విని ఆగి, ఎవరమ్మా నువ్వు అని అడిగినవాళ్లు ఇంతవరకూ లేరు. అడిగే ధైర్యం ఉన్నవాళ్లకి ఆ వేళప్పుడు అటు పనుండదు.

పనున్నది ఒక వదినకీ, ఆమె మరిదికీ. వాళ్ల లాండ్రీ ఆ రోడ్డు చివరే ఉంది. లాడ్జీల దుప్పట్లు ఉతికి, ఇస్త్రీ చేసి, రాత్రిపూట అప్పజెప్పి, మాసినవి వెనక వేసుకుని ఇంటికి రావాలి. బండి ఆమె మావయ్య, అంటే మరిది నాన్న, కొన్న పాత పికప్పు. ముందు ఒకటే పొడుగాటి సీటు. వదినకి డ్రైవింగు నేర్పినన్నాళ్లూ మావయ్య ఆ సీటు మధ్యలో కూర్చుని, టేపులో పాట పెట్టుకుని, డ్యాష్‌బోర్డు మీద వేళ్లతో తాళం వేసేవాడు. "గేరు సంగతి తర్వాత, ముందు పాట విను" అనేవాడు. ఆయన పోయాక ఆ మధ్యచోట్లో బట్టల క్లిప్పుల బుట్ట పెట్టుకున్నారు. వదినకి ఆ బండంటే ప్రాణం.

మరిదికి మాత్రం దాన్ని చూస్తేనే ప్రాణం పోయేది.

మావయ్య పోయిన ఏడాది, ఒక వానరాత్రి, గోడ పక్కన మొదటిసారి ఆ కేక వినపడింది. ఆపైన నాలుగు రోజులకే ఊరంతా దెయ్యం కబుర్లు. దెయ్యాలకి వెలుతురూ చప్పుడూ పడవని ఎవరో మరిది చెవిన వేశారు. అంతే... గోడ కనపడగానే అతను స్విచ్చుల మీద పడేవాడు. పెద్ద లైట్లు, లోపలి లైటు, వైపర్లు, అద్దానికి వేడిగాలి కొట్టే ఫ్యాను, టేపు ఫుల్లు సౌండు — చివరికి వదిన చేతుల కిందనుంచి చెయ్యి దూర్చి హారన్ మీద వాలిపోయేవాడు.

అయినా సరే... బ్యాటరీ గుర్తు ఎర్రగా వెలిగేది. లైట్లు నీరసించేవి. ఎటునుంచో తెలియకుండా — కీ...చ్ మని కేక. ఒక్కోరోజు ఇంజనూ ఆగిపోయేది. ఇద్దరూ దిగి, దుప్పట్ల బరువుతో సహా బండిని నెట్టుకుంటూ పరిగెత్తేవారు. దెయ్యం పుణ్యమా అని వదినకి కండలొచ్చాయి.

మెకానిక్కుకి చూపిస్తే, పగలు బండి బంగారం. మీటరు పెడితే అంతా సవ్యంగానే ఉంది. బ్యాటరీ మార్చాడు, తగ్గలేదు. ఇంజను తిరుగుతుండగా కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ మార్చాడు, తగ్గలేదు. దాన్ని తిప్పే బెల్టు కూడా మార్చేద్దాం అక్కా అంటే మాత్రం వదిన ఒప్పుకోలేదు. "అది మావయ్య తన చేత్తో వేసింది. దాని జోలికి పోకు" అంది. అతను పాత బెల్టే మళ్లీ తగిలించి, నా మీటరుకి దెయ్యాలు దొరకవక్కా అని చేతులు దులుపుకున్నాడు.

మరిది తేల్చి చెప్పేశాడు. "ఇంకొక్కసారి ఆగిందంటే తెల్లారే తుక్కు కొట్టుకి తోలేస్తా వదినా. అన్నయ్య కూడా సరేనన్నాడు." ఆ పూట వదినకి ముద్ద దిగలేదు.

ఆ రాత్రే మంచు పట్టింది. మరిది పగలంతా ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడ్డాడేమో, బండెక్కగానే అద్దానికి తల ఆనించి గుర్రు పెట్టాడు.

గోడ మొదలైంది. వదిన అతన్ని లేపుదామని చెయ్యి చాపింది. జాలేసి మళ్లీ తీసేసింది. కేక వస్తే ఎలాగూ లేస్తాడు.

గేటు దాటింది... కేక లేదు. విరిగి వేలాడే నీళ్ల గొట్టం దాటింది... లైట్లు లైట్లలాగే ఉన్నాయి. గోడే అయిపోయింది.

వదిన బండి ఆపింది. దెయ్యం రాకపోయేసరికి ఆమెకి ఎన్నడూ లేనంత భయమేసింది. ఆ వెనకే ఒక అనుమానమూ వచ్చింది. నెమ్మదిగా రివర్సు గేరు వేసింది.

కుదుపుకి మరిది కళ్లు తెరిచాడు. "వదినా," అన్నాడు గుసగుసగా, "గోడ మళ్లీ వస్తోంది."

"గోడ రావట్లేదు, మనమే పోతున్నాం."

"ఎందుకు?"

"దెయ్యాన్ని మర్చిపోయి వచ్చేశాం."

మరిది తలుపు తియ్యబోయాడు. వదిన బండి నిలిపి అతని చొక్కా కాలరు పట్టుకుంది. "రోజూ నువ్వు వేసేవే. ఇవాళ ఒకటొకటే వెయ్యి."

పెద్ద లైట్లు వేశాడు. ఏమీ లేదు. లోపలి లైటూ వైపర్లూ వేశాడు — రోడ్డు మీద వెలుతురు ఒక్క పిసరు తగ్గింది. టేపు పెట్టాడు... ఇంకో పిసరు. ఫ్యాను స్విచ్చు నొక్కాడు.

కీ...చ్.

సరిగ్గా అప్పుడే వెనక కిటికీలోంచి తెల్లగా ఏదో వచ్చి అతని మెడ చుట్టూ వాలింది. మరిది పెట్టిన కేక ముందు దెయ్యం కేక దిగదుడుపే. మెడ మీదున్నది వెనక మూటలోంచి జారిన లాడ్జీ దుప్పటి. ఆ గింజుకోవడంలో అతని చెయ్యి ఫ్యాను స్విచ్చుకి తగిలి అది ఆగిపోయింది. కీచు కూడా ఆగిపోయింది.

వదిన ఫ్యాను వేసింది... కేక. ఆపింది... నిశ్శబ్దం. మళ్లీ వేసింది, మళ్లీ ఆపింది.

"దెయ్యానికి స్విచ్చుంది" అంది.

ఇంజను ఆపి, దిగి, బానెట్టు ఎత్తి టార్చి వేసింది. మావయ్య బెల్టు అరిగి అరిగి గచ్చులా నున్నబడింది. బొటనవేలితో నొక్కితే బట్టలారేసే తాడులా కిందికి దిగింది. ఏదో ఒకటీ అరా వేస్తే నెట్టుకొస్తోంది. అన్నీ ఒకేసారి వేస్తే, పైగా ఈ మంచు చెమ్మకి, ఆ బరువు లాగలేక జారిపోతోంది. జారినప్పుడే ఆ కేక, ఆ మసక. అన్నీ ఒకేసారి వేసేది ఈ గోడ దగ్గరే. పగలు మెకానిక్కు ముందు ఎవరూ వేసి చూడలేదు.

మరిది నోరు తెరిచాడు. "అంటే రోజూ దెయ్యాన్ని నేనే..."

"పేరు పెట్టి పిలిచావు. దానికి అన్నం పెట్టి పెంచింది నేను, బెల్టు మార్చనివ్వకుండా."

ఇద్దరూ బానెట్టు పట్టుకుని పొట్టలు నొప్పెట్టేలా నవ్వారు. వదినకి నవ్వుతూనే కళ్లలో నీళ్లు తిరిగాయి. బండి పోదు, బెల్టు ఒక్కటే పోతుంది. మరిది కూడా ఇక తుక్కు మాట ఎత్తనని ఒట్టేశాడు.

అప్పుడు ఫ్యాక్టరీ గేటు కిర్రుమంది. కంబళి కప్పుకున్న ముసలి వాచ్‌మన్ టార్చి పట్టుకుని బయటికొచ్చాడు.

"ఎవరమ్మా మీరు? ఇక్కడ నిలబడకండి. ఆ బండి వచ్చే వేళయింది."

"ఏ బండి తాతా?"

"దెయ్యం బండి," అన్నాడు గొంతు తగ్గించి. "ఒళ్లంతా లైట్లేసుకుని, చేతులూపుతూ, పాటలు పాడుతూ, వెనక తెల్లగుడ్డలు ఎగరేసుకుంటూ వస్తుంది. ఇక్కడికొచ్చి కేక పెట్టి ఆరిపోతుంది. ఊళ్లో అందరినీ హెచ్చరించింది నేనే."

మరిది నవ్వు ఆపుకోలేక దుప్పటి నోట్లో కుక్కుకున్నాడు. వదిన పెదవి కొరుక్కుని అడిగింది, "అందులో ఎవరుంటారో చూశావా?"

"లోపల లైటు వెలుగుతుంటే చూడకేం? తోలేది ఆడమనిషి. ఈ చివరి వాడు హారన్ మీద పడి ఉంటాడు. వాళ్లిద్దరే పాపం ఊరికే వణికిపోతుంటారు. మధ్యలో పెద్దాయనకి మాత్రం ఏ బెదురూ లేదు."

"మధ్యలో...?"

"పాట వింటూ, ముందు పలక మీద వేళ్లతో తాళం వేసుకుంటూ కూర్చుంటాడు."

వాచ్‌మన్ గేటు వేసుకుని లోపలికి పోయాడు. ఇద్దరూ మెల్లిగా బండెక్కారు.

"వదినా... బెల్టు మారిస్తే నాన్న..."

"రేపే మార్చేద్దాం. పాటకి బెల్టు ఏదైతేనేం."

వదిన సీటు మధ్యలోని క్లిప్పుల బుట్ట తీసి వెనక పెట్టింది. మరిది తలుపుకేసి ఇంకాస్త ఒదిగి కూర్చుని, చెయ్యి చాపి టేపు పెట్టాడు.