దగ్గరున్నవాళ్ళదే కేసు

తెర మీద పద్నాలుగు పచ్చచుక్కలు. ఏడు ఈ కొసన, ఏడు ఆ కొసన. మధ్యలో చిలకలేరు వాగు. దాని చుట్టుపక్కల పది కిలోమీటర్ల దాకా ఒక్క పోలీసూ లేడు.

"మూణ్ణెల్లుగా ఇదే వరస. యంత్రం బాగానే ఉంది. మనుషులే ఎందుకిలా అంచులకు పోతున్నారో అంతుబట్టడం లేదు," అంది దాన్ని తయారుచేసిన డాక్టర్ అరుంధతి.

హెడ్ కానిస్టేబుల్ మస్తానమ్మకు నవ్వొచ్చింది. ఇంత చదువు చదివి ఈ మాత్రం తెలియదా?

సంగతేమిటంటే, వాగుకు ఇవతల రావిపాడు స్టేషన్, అవతల గొల్లమిట్ట స్టేషన్. వాగులో శవం తేలితే చాలు, "మా పరిధి కాదు" అంటూ గెడకర్రలతో అవతలి ఒడ్డుకు నెట్టేసేవాళ్ళు. ఆ దిక్కుమాలిన తగవు తీర్చడానికే 'ఇరుగుపొరుగు' యంత్రం వచ్చింది. ప్రతి పోలీసు బ్యాడ్జిలోనూ ఒక చిప్. ఎక్కడి నుంచైనా ఫోన్ వస్తే, హద్దులతో పనిలేకుండా, అక్కడికి ఎవరు దగ్గరుంటే వాళ్ళకు యంత్రం కేసు అప్పగిస్తుంది. రెండో స్టేషన్ సాయానికి వెళ్ళితీరాలి.

"దగ్గరున్నవాళ్ళదే కేసంటే ఇంక దగ్గర ఎవరుంటారు మేడమ్?" అంది మస్తానమ్మ.

అంతలో యంత్రం మోగింది. వాగు పొంగి, మిరపకోతకు పోయొస్తున్న పదకొండు మంది ఆడవాళ్ళ ట్రాక్టర్ చప్టా మధ్యలో ఆగిపోయింది. నీళ్ళు ట్రక్కు అంచుదాకా వచ్చేశాయి.

జీపు వైపు పోబోతున్న మస్తానమ్మకు ఎస్సై పెంచలయ్య అడ్డం నిలబడ్డాడు. "తొందరపడొద్దు. గొల్లమిట్ట వాళ్ళను ముందు కదలనీ. మనం ముందు పోతే చావులన్నీ మన నెత్తికే చుట్టుకుంటాయి."

"వాళ్ళూ అదే అనుకుంటా కూర్చోనుంటారు సార్. ఈలోగా ఆ ఆడకూతుళ్ళు కొట్టుకుపోతారు."

"ఇది నా ఆర్డర్ మస్తానమ్మా."

"అయితే ధిక్కరించానని రాసుకోండి." ఆమె తాళంచెవి లాక్కుని జీపెక్కింది.

దారిలో అవతలి స్టేషన్ హెడ్డు ఖాజాకు ఫోన్ చేసింది. పదేళ్ళుగా శవాల దగ్గర తనతో తిట్లు తిన్న మనిషి. "కేసు నాది ఖాజా. వాళ్ళు బతికినా చచ్చినా నా పేరే రాస్తారు. నీకేమీ అంటదు. మోకులు తీసుకుని రా, చాలు."

"ఆ మాట పదేళ్ళ కిందట అనుంటే అప్పుడే వచ్చేవాణ్ణి గదక్కా," అన్నాడు ఖాజా.

రెండు ఒడ్డుల నుంచీ మోకులు బిగించి ఒక్కొక్కరినే లాగారు. పదకొండో మనిషి ఒడ్డెక్కిన కాసేపటికే ట్రాక్టర్ బోల్తాపడి కొట్టుకుపోయింది.

యంత్రం మాత్రం తన పని తాను చేసింది. మర్నాడు పొద్దున్నే ఆర్డర్ ధిక్కరించిన కేసు నమోదైంది. నిందితురాలు మస్తానమ్మ. రుజువైతే ఉద్యోగం పోతుంది. విచారణ చెయ్యాల్సిందెవరు? ఆమెకు ఎవరు దగ్గరుంటే వాళ్ళు.

ఎస్సై పెంచలయ్య టీ గ్లాసు సగంలో వదిలేసి, తలొంచుకుని జీపెక్కాడు. మిగతావాళ్ళు వెనక గోడ దూకారు. అవతల ఖాజా మనుషులు వాగు ఒడ్డే ఖాళీ చేశారు. ఈసారి ఒళ్ళు దాచుకోవడానికి కాదు, ఆమెను నిలదీసే మొహం ఎవరికీ లేక.

స్టేషన్లో ఇద్దరే మిగిలారు. పరీక్ష కోసమని ఆ పొద్దునే డాక్టర్ కూడా ఒక బ్యాడ్జి పెట్టుకుంది. తెర మీద ఆమె పేరు వెలిగింది.

"అడగండి మేడమ్," మస్తానమ్మ కుర్చీ ముందుకు జరుపుకుని కూర్చుంది. "పోవద్దంటే పోయాను. రేపు మళ్ళీ ఫోనొస్తే మళ్ళీ పోతాను. అదీ రాసుకోండి."

డాక్టర్ అరుంధతి ఆమె వైపు చూసింది, తన యంత్రం వైపు చూసింది. తర్వాత మెల్లగా లేచి, సంచీ భుజాన వేసుకుని, కారెక్కి ఊరి పొలిమేర దాటి, మిగతా చుక్కలున్న అంచుదాకా పోయి అక్కడ ఆగింది.